అంచు లోపలి ఎర్రదారం

ఉరుగ్వేలో, తకువారెంబో ఊరి చివర,
రైలుపట్టాల పక్కన మా బడి.
పొద్దున్నే నా ముందు తెలుపు బారులు తీరేది.
పశువుల డాక్టరు కొడుకూ తెల్లంగీయే,
ఉన్ని కత్తిరించే కూలీ కూతురూ తెల్లంగీయే.
మెడ కింద నీలం రిబ్బను, సీతాకోకంత ముడి.

దూరం నుంచి చూస్తే
ఎవరింట్లో మాంసం ఉడికిందో
ఎవరింట్లో వట్టి నీళ్ళు మరిగాయో తెలిసేది కాదు.
అది నా గర్వం. దేశానిది కూడా అనుకుంటాను.
దగ్గరికెళితే తెలిసేది లెండి,
తెలుపులో ఎన్ని తెలుపులో!
నీలిమందు పెట్టిన తెలుపు, అక్క విడిచిన తెలుపు,
రాత్రంతా పొయ్యి మీద ఆరి
పొగ వాసన పట్టిన తెలుపు.
ఇక బూట్ల సంగతంటారా,
అంగీ మోకాళ్ళ దాకానే కదా.

నైర్ సిల్వేరా, మూడో తరగతి.
మడత లోపల, ఎవరికీ కనపడని చోట
ఎర్రదారంతో ఏదో కుట్టుకుంది.
పువ్వో, చేపో, ఇప్పటికీ తెలీదు.
గాలికి అంచు తిరగబడి నా కంట పడింది.
"ఇవాళ ఒకరికి ఎరుపైతే
రేపు ఇంకొకరికి బంగారం" అన్నాను.
తప్పు మాట కాదు. ఇప్పుడైనా అదే అంటానేమో.
చిన్న కత్తెర చేతికిచ్చాను.
మధ్యాహ్నం గంట కొట్టేదాకా కూచుని విప్పింది.
ఏడవలేదు.
దారాన్ని ఉండ చుట్టి నా బల్ల మీద పెట్టింది,
అప్పు తీర్చినట్టు.
సూది రంధ్రాలు మాత్రం
ఎన్ని ఉతుకులకీ పూడలేదు.

ముప్పై ఏళ్ళ తర్వాత, అక్టోబరు ఆఖరి ఆదివారం.
అదే బడి, అదే గది, మధ్యలో ఓట్ల పెట్టె.
ఇక్కడ ఓటెయ్యకపోతే జరిమానా.
అందుకే వరసలో అందరూ ఉంటారు.
నాలుగువేల గొర్రెల ఆసామీ,
ఆయన వెనక నా మోకాళ్ళ నొప్పి,
నా వెనక ఆ గొర్రెలు కాసే మనిషి.
ముగ్గురి చంకలోనూ మాతే ఫ్లాస్కులు,
ముగ్గురి నోట్లోనూ ఒకటే చేదు.

బల్ల దగ్గర నైర్. నుదుటి మీద ఒక నెరిసిన పాయ.
గుర్తుపడుతుందని జుట్టు సర్దుకున్నాను.
కార్డు తీసుకుంది. నంబరు చదివింది.
ఒందీనా బెంతాంకూర్, అని నా పేరు చదివింది,
ఆసామీ పేరు చదివినట్టే,
కాపరి పేరు చదవబోయేట్టే.
కవరిచ్చింది. తలెత్తలేదు.

నేను నేర్పిన పాఠమే, పొల్లు పోకుండా.
మరి గొంతులో అడ్డుపడుతున్నదేమిటి?
నలభై మందిలో ఒకరుగా ఉండమని
పిల్లలకి చెప్పడం తేలిక.
ఆ నలభయ్యో మనిషివి నువ్వైన రోజున
గంజి పెట్టిన కాలరు మెడ కొరుకుతుంది.

రహస్య గది కిటికీకి కాగితాలు అంటించారు.
బల్ల నిండా పార్టీల చీటీలు, నేనొక్కదాన్నే.
కవర్లన్నీ ఒకేలా ఉంటాయి,
గీత గీశావో, చెల్లదు.
లోపల ఏం పెట్టావని అడగడానికి మాత్రం
దేశం మొత్తానికీ హక్కు లేదు.
మడత లోపల. ఎవరికీ కనపడని చోట.

చిన్నపిల్లల కుర్చీలో కూలబడ్డాను.
"సెన్యోరా, అయిందా?" ఎవరో తలుపు తట్టారు.

కవరు పెట్టెలో వేశాను.
నైర్ నా పేరు కింద గీత గీసింది,
స్కేలు ఆనించి, బొటనవేలితో అదిమిపట్టి.
ఆ అదుము ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.
ఆమెకు తెలుసో లేదో అని
ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడి ఆలోచించాను.
కెటిల్లో నీళ్ళన్నీ ఇగిరిపోయాయి.