కిరసనాయిలుతో సానపట్టిన నేల

నుకుస్‌లో, ల్యాబు వెనక గదిలో
పరాఖత్ మట్టిపెళ్ళని సానపడుతోంది.
నీళ్ళు తగలకూడదు.
ఒక్క చుక్క పడినా, చూడాల్సిందే కరిగిపోతుంది.
అందుకే కిరసనాయిలు. అందుకే చేతులకా వాసన,
రాత్రి రొట్టె తుంచేటప్పుడు కూడా.

వెంట్రుకలో సగానికి అరిగాక
మట్టిలోంచి వెలుతురు దాటుతుంది.
పత్తివేరొకటి దారి చేసుకుంటూ
మధ్యలో మానేసిన చోటు.
దాని గోడల వెంట సూదులు సూదులుగా ఉప్పు,
ఎవరో తొందరగా కుట్టి, ముడి వేయడం మరిచినట్టు.

చలిరాత్రి ఈ ఉప్పు తేమ తాగి ఉబ్బుతుంది,
పగలు ఎండకి పొడై కూలుతుంది.
పైపొర బూరెలా పొంగి
అడుగేస్తే మడమ దాకా దిగుతుంది.
మొయినాక్‌లో, ఒకప్పుడు వల లాగిన
చిన్నాన్న కల్లీబెక్ అంటాడు:
"సముద్రం పోయింది. అలవాటు పోలేదు."

రెండో పలక, మార్చిలో
కాలవ నీళ్ళు పెట్టి కడిగిన మడిది.
ఉప్పు పోయింది. ఆ రోజు పొలంలో పలావు వండారు.
ఇన్నాళ్ళూ ఉప్పు పట్టి నిలిపిన బంకరేకులు
ఒకదాన్నొకటి వదిలేసి
సందుల్లోకి జారి తలుపులు మూసేశాయి.
మంచినీళ్ళు పైనే నిలబడిపోయాయి
లోపలికి రమ్మనేవాళ్ళు లేక.

పరాఖత్ కన్ను ఎత్తదు.
జిప్సం వేయాలని రాయాలి, ఎన్ని బస్తాలో కూడా.
బస్తా ధర వాళ్ళమ్మకి తెలుసు,
ఆ మడి వాళ్ళదే.

టీ చల్లారింది.
ఇక్కడి టీలో
ఎవరూ వేయకుండానే ఉప్పుంటుంది.