లోటాలో ఊట

బంగారుపాళ్యం కాడ మా కుంట.
పట్టా నాది, కట్ట నాది.
కట్ట కింద పల్లం మాత్రం నాది కాదు:
పదకొండు ఇళ్ళు, ఒక అంగన్‌వాడీ.

తెల్లారగానే కట్ట వెనక
లోటా పట్టి ఊట చూస్తాను.
తేటగా ఉంటే అది కట్టకు పట్టిన చెమట.
ఎర్రబడితే
లోపల కట్ట కరుగుతున్నట్టు.

పీతబొక్కలు బంకమన్నుతో పూడ్చాను.
తుమ్మమొక్క పీకెయ్యమన్నాడు మునెప్ప.
నీడకుంటుందిలే అన్నాను.
ఇప్పుడు దాని వేరు వెంబడే నీళ్ళు.

కార్తీక ముసురు, మూడోరాత్రి.
టార్చి వెలుగులో లోటా నిండా
టీ రంగు.

మొరవ రాళ్ళు గడ్డపారతో పెకలించి
నీళ్ళను నా టమోటా కయ్యలోకే తిప్పాను.
కోతకొచ్చిన కాయలు
చీకట్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ
పోతున్న చప్పుడు.

పొద్దున మునెప్ప వచ్చాడు.
కయ్యను చూళ్ళేదు, నన్నూ చూళ్ళేదు.
తుమ్మచెట్టు నీడలో కూచుని
బీడీ ముట్టించాడు.