మూడో నంబరు

పోర్టులో మూడో నంబరు ఎగరేశారని
టీ బడ్డీ రేడియో చెప్పింది.

ముప్పయ్యేళ్లు తర్కం చెప్పినవాణ్ని.
కొండ మీద పొగ, కనుక నిప్పు
అన్న ఒక్క వాక్యం మీద సంసారం నెట్టుకొచ్చినవాణ్ని.
ఆ కొండ ఏ ఊరిదో ఎవరూ అడగలేదు.
నేను మాత్రం యారాడ కొండే అనుకునేవాణ్ని,
డిసెంబరు పొద్దుటి మంచును
పొగ అని పొరబడ్డానికి వీలుగా ఉంటుందని.

నిప్పుంటే పొగ ఉండాలిగా, అని తిప్పి అడిగితే
వెనక బెంచీలోంచి యల్లపు సత్యవేణి లేచింది ఒకసారి.
"ఉండక్కర్లేదండీ. మా నాన్నది స్టీల్ ప్లాంటు.
రోలింగ్ మిల్లులో ఎర్రటి కడ్డీ పరిగెడుతుంటే
పొగ ఉండదు. ముఖం మాడుతుంది."
పాత తార్కికుల కాగిన ఇనపముద్ద
గాజువాక బస్సెక్కి క్లాసుకొచ్చింది.
ఆ పూట పాఠం అక్కడితో ఆపేశాను.

ఇవాళ పెదజాలరిపేటలో
తెడ్డు పరసయ్య పడవను పైకి లాగిస్తున్నాడు.
మూడో నంబరట, అన్నాను తెలిసినవాడిలా.
"నంబరు మీకు బాబూ. నీటి రంగు సూడు.
నిన్నట్నించి కెరటానికీ కెరటానికీ మద్దిన
ఎడం పెరిగిపోనాది."
చూశాను.
నీరు నీరులాగే ఉంది.

నంబరుకూ గాలికీ మధ్య ఉన్నది ఒడంబడిక.
మనుషులు రాసుకున్నది,
రేపు నలుగురు కూర్చుంటే మూడు ఐదవుతుంది.
కెరటానికీ తుఫానుకీ మధ్య సంతకాల్లేవు,
రక్తసంబంధం.
ఇసకలో అడుగు మనిషిని వెనక్కి పిలవదు,
వెళ్లిపోయాడని చెబుతుంది,
అదీ చదివేవాడుంటేనే.

మరి తుఫాను రాకపోతే?
అతని హేతువులో దోషం దొరుకుతుందేమోనని
నాలో మాస్టారు ఆశపడ్డాడు.
"రాకపోతే మంచిదే కదేటి.
మళ్లీ దింపుకుంటాం.
ఇలాగొచ్చి ఓ సెయ్యెయ్యి."

ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం,
నిగమనం దగ్గర
నేనెప్పుడూ సుద్దముక్క కింద పెట్టేసేవాణ్ని.
సరిగ్గా అక్కడే
ఇతను తాడు అందుకున్నాడు.

రాత్రి పదకొండు. వాన లేదు.
రేడియో ఇంకా మూడు దగ్గరే ఉంది.
ఏ జోస్యుడూ చదవని తాడు గీత
అరచేతిలో భగ్గున మండుతోంది.

పొగ లేదు.