లేవు అని రాసిన ఏడు

గొర్రె పెంటికలు నీళ్లల్ల నలిపి, జల్లెడ పట్టి,
కోసు గ్లాసుల పోసి ఊకుంటం.
పైన తేట వంపేస్తం, మల్ల పోస్తం, మల్ల ఊకుంటం.
తొందరపడ్డోనికి ఏదీ అడుగుకు దిగదు.
కడపట ఒక్క బొట్టు నీలిమందు.
చెత్తంత నీలమైతది,
జలగ గుడ్డు మాత్రం పసుపుపచ్చగనే ఉంటది,
ఒక కొనకు చిన్న మూతతోని.

నారాయణపేట పశువుల దవాఖాన, వెనక గది.
ఇన్నేండ్లల్ల నా కండ్లద్దాల నంబరు నాలుగుసార్లు మారింది,
మైక్రోస్కోపు మారలే.

మొన్న తహసీన్ మేడం వచ్చింది, పరిశోధనకని.
పురుగులను కాదట,
పురుగుల మీద రాసిన పేపర్లను లెక్కపెడుతదట.
ముందుగాల నవ్వొచ్చింది.
ముప్పై ఏండ్ల పేపర్లు ల్యాప్‌టాప్‌ల పోసి
ఆమె గుడ జల్లెడే పట్టింది.
తెర మీద గీతలు లేచినయి:
పిడుదులది ఎండకాలపు సుడిగాలి లెక్క,
జన్యువులది ఇంకా పైకి,
మందుకు లొంగని నట్టలది ఈ నడుమనే మొలిచి
వాన పడ్డ జొన్నమోసు తీరు.
గొర్రె కార్జంల జలగది మాత్రం ఎండిన వాగు.

"ఎందుకమ్మా?" అంటే
"పాత రోగం కద, కొత్తగ ఏం చెప్తవని అడుగుతరు జర్నళ్లోళ్లు."
"మరి మన దిక్కు?"
వేలు పెట్టి చూపింది. ఒకే ఒక్క చుక్క.
పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది.
'ఈ మెట్టప్రాంతంల జలగరోగం లేదు.'
పదకొండు పేపర్లు ఆ మాటనే ఎత్తిరాసుకున్నయట.
ఒక్కరు గుడ మల్లొచ్చి చూడలే.

ఆ పేపరు నాకెరుకే.
అప్పుడు కొత్తగ చేరిన అటెండర్ను.
నాలుగు వందల పన్నెండు స్లైడ్లు,
నేనే కడిగిన, నేనే చూసిన,
లేదు, లేదు, లేదు అని గీతలు గొట్టిన.
కడపట కృతజ్ఞతలల్ల నా పేరుంది.
ఉలిగప్పను ఉలగప్ప చేసిండ్రు.

అబద్ధం కాదది.
ఆ ఏడు బొందలకుంట అడుగు బీటలువారింది,
నత్తగుల్లలు కాలికింద పటపటమనేటియి.
నీళ్లు లేని కాడ నత్తేడిది,
నత్త లేని కాడ జలగేడిది?

తర్వాత కాలువ వచ్చింది.
కుంట నిండిన దినం మేం గుడ పోయి
ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నం.
మా పెద్దమ్మ దోసిట్ల పట్టుకొని ఏడ్సింది.
ఒడ్డెంట పచ్చగడ్డి లేచింది,
గడ్డి మొదట్ల నత్తలు.
వాటిని ఎవ్వరు రాయలే.

నిన్న పొద్దుగాల కుర్వ ఆశన్న వచ్చిండు,
గొంగడి కింద స్టీలు టిఫిను.
మూత తీస్తే కార్జం.
"దవడ కింద నీళ్లసంచి దిగి సచ్చింది. ఇది నాలుగోది."
కత్తి పెడితే పిత్తనాళం కరకరమన్నది.
లోపల వేపాకులసొంటియి,
ఒకటి రెండు ఇంకా మెదులుతున్నయి.

తహసీన్ మేడం శానసేపు మాట్లాడలే.
పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసింది.
"రాద్దాం. తిరగ్గొడుతరు,
మీ ఊరి ముచ్చట మాకెందుకంటరు.
అయినా రాద్దాం. ఈసారి నీ పేరు పైన పెడుదాం."
అక్షరాలు సరిగ పెట్టమ్మా సాలు, అన్న.

ఆశన్న మా ఇద్దరి దిక్కు చూసిండు:
"ఇంతకు మందు చీటీ రాస్తరా, పేపరు రాస్తరా?"
మేడం మొకం ఎర్రబడ్డది.
ముందు చీటీయే రాసింది.
పేపరు అచ్చయ్యేటాలకు
ఆ మంద ఎన్ని ఈతలు ఈనుతదో,
ఎన్ని మిగులుతయో.

గడప దాటినోడు మల్ల తిరిగొచ్చిండు.
"టిఫిను కడిగియ్యరాదు, రేపు బువ్వకు కావాలె."

మూడుసార్లు సబ్బు పెట్టి కడిగిన.
నల్లాల నీళ్లు ధారగ వచ్చినయి,
కాలువ నీళ్లే.