ఎస్ ముందటనా, ఎన్కనా

షార్జా, సజ్జా క్యాంపు గోడ మీద
వర్కర్స్ రూమ్ అని ఇంగ్లీషుల రాస్తున్న.
నిచ్చెన కాడికి కోదండపాణి సారొచ్చి
"పైన కామా ఏదయ్యా ఓదెలూ?
ఎస్‌కి ముందు పెడితే ఒక్కడిది,
వెనక పెడితే అందరిదీ" అన్నడు.

లోపల పన్నెండు మంచాలు.
ఏసీ రిమోట్ ఫోర్‌మన్ జేబుల.

మా మాటల అసొంటి చుక్క లేదు సారూ.
ఇల్లు ఇంటి అయితది,
కన్ను కంటి అయితది,
నాదనంగనే మాటే లోపల్నుంచి మెత్తబడుతది.
గిదేమో బయటనే యాలాడుతది,
తెగిన బల్లితోక లెక్క.

ఎన్కనే పెట్టిన.
ఉక్కకు రంగు ఆరలే,
ఎస్ పక్కపొంటి కిందిదాక జారింది.

తుడవలే.
ఓదెలు పాస్‌పోర్టు, కంపెనీ బీరువా:
ఈ నాలుగు మాటలల్ల
ఎక్కడ పెట్టాలె సారూ, ఆ చుక్క?