జానెడు టేపు

సుల్తాన్ బజార్ వెనక, గడియారాల దుకాణం మీద
నిటారు మెట్లెక్కితే ఒక గది.
గోడలకు గోనెపట్టాలు, తలుపుకు పాత పరుపు.
దాన్నే స్టూడియో అనేటోళ్లం.
ఫ్యాను తిరిగితే పాటల పడుతదని
ఎండకాలమంతా చెమటలనే రికార్డు చేసేది.

అంశవ్వ వచ్చిన రోజు ఆమె వేళ్లకింకా
తునికాకు వాసన.
ముషీరాబాదు నుంచి నడిచొచ్చింది,
బస్సు పైసలు డోలక్కాయనకిచ్చి.
మైకును చూసి, "దీనికి చెవులు ఏ దిక్కున్నయి?" అనడిగింది.
చూపించిన.
ఇగ ఆ దిక్కే పాడింది, చెవిటి అత్తకు చెప్పినట్టు,
కొంచెం గట్టిగ, కొంచెం కోపంగ.

మూడో చరణం కాడ దగ్గింది.
ఒక్కటే దగ్గు. పొడిగ.
మళ్ల పాడమంటే,
"పాడింది పాడినట్టే ఉండనియ్యి" అన్నది.
నా మిషను మీద ఒక దగ్గు పొడుగు జానెడు.
ఆమె మెట్లు దిగినంక
బ్లేడు తీసి దాన్ని కోసేసిన.
కొసలు రెండూ కలిపి అతికిచ్చిన.
ఎవ్వరికీ తెలువలే.
ఆ ఏడు హైదరాబాదుల
పాన్ డబ్బాలన్నీ ఆ పాటే పాడినయి.

కృష్ణానగర్ ఆమె పేరు మార్చింది: హంసిని.
అంశవ్వంటే పోస్టరు మీద ఆనదన్నడట మేనేజరు.
నలభై సినిమాలు.
తల్లి, పనిమనిషి, మన్ను దోసిట్ల పట్టి శాపం పెట్టే ముసలిది.
అప్పటికి ఆమెకు ముప్పై నాలుగు.
చచ్చిన కొడుకు మీద పడి ఏడ్చే సీను
ఒక్క టేకుల చేసి, లేచి, చీర దులుపుకొని
లైట్ బాయ్‌ని అడిగిందట:
"మూడు నెల్ల జీతం ఇచ్చిండ్రా బిడ్డా?"

దేవత అని మాత్రం రాయకుండ్రి.
నా గొడుగు తీస్కపోయి ఇయ్యలే.
ఒకసారి ఇంటి కిరాయి కోసం
తనకు గిట్టని పార్టీ స్టేజీ మీద పాడింది,
వారం రోజులు ఎవ్వరితో మాట్లాడలే.

రోడ్లూడ్చే ఆడోళ్లు సమ్మెకు దిగిన తెల్లారుజామున
చాదర్‌ఘాట్ వంతెన మీద
ఆరు వందల చీపుర్లతోని తాళం వేయించింది.
అడిగింది ఎంత? చేతులకు గ్లౌజులు, ఆదివారం సెలవు.
షూటింగు ఆగిందని నిర్మాత నోటీసు పంపితే
దాని వెనక తెల్లగున్న దిక్కు పాట రాసుకున్నది.
చంచల్‌గూడల పదకొండు రోజులు.
ఆ తర్వాత రెండేండ్లు ఎవ్వరూ పిలవలే.
నేనూ పిలవలే.
చెత్త బండ్ల ప్రకటన కాంట్రాక్టు
అప్పుడు నా చేతిలుండె.

మొన్న ధర్నాచౌక్‌ల చూసిన.
రెడ్‌హిల్స్ దవాఖాన నుంచి సీదా తెచ్చిండ్రు,
మెడకు తెల్ల గుడ్డ, ప్లాస్టిక్ కుర్చీ.
మైకు చేతికిచ్చిండ్రు.
ఆమె దాన్ని తిప్పి చూసింది,
చెవులు ఏ దిక్కున్నయో మరిచిపోయినట్టు.
నోరు తెరిచింది.
దగ్గు వచ్చింది.
అదే దగ్గు. పొడిగ.
ఇందిరా పార్కు గోడకు తాకి మర్లొచ్చింది.
ఎవ్వరూ కోయలే.
ముందు వరుసల ఒకామె కొంగు నోట్ల కుక్కుకున్నది,
ఎనక పోలీసాయన టోపీ సర్దుకున్నడు.
మాకు చాలాసేపు వేరే పాట గుర్తుకు రాలే.

పదకొండో దినం నాడు
ఆమె మనుమరాలు వచ్చి కూసున్నది:
"ఆ మొదటి పాట సాఫ్ చేసియ్యి తాతా, ఫోన్ల పెడుత."
సాఫే ఉన్నది బిడ్డా అన్న.
ఎక్కువ సాఫున్నది.
సిగరెట్ డబ్బా తెరిచి చూపించిన,
ముడుతలు పడ్డ గోధుమరంగు ముక్క.
ఆ పిల్ల దాన్ని రిబ్బనేమో అనుకున్నది.

ఎట్ల అతకాల్నో నాకు తెల్వది.
చూపు ఆనుతలేదు, చెయ్యి వణుకుతున్నది,
కోసుడు సులువుండె.
సరే అని పెద్ద రీలెక్కించి తిప్పిన.
రెండు చరణాలు బాగనే వచ్చినయి.
గమ్ము ఎండిపోయిందో ఏమో,
అతుకు దానంతటదే ఊడింది,
మూడో చరణం కాడ.