మదుము

నరసన్నపేట హాస్టల్లో మెట్ల కింద గది నాది.
మూత ఊడిన పాత కంప్యూటరొకటి,
అరవై గదుల నెట్టూ దాని గొంతులోంచే పోవాలి.

మూడో అంతస్తులో ఒకడు సినిమాలకని మొత్తం తోడేస్తున్నాడు.
చివరి గదిలో దాలినాయుడి హాల్ టికెట్టు
ఫోటో కనుబొమల దాకా దిగి ఆగిపోయింది.

మా చిన్నాన్న వంశధార కాలవ మీద లస్కరు.
రాత్రిపూట మదుము పలక దించి వచ్చేవోడు,
పైమళ్లోళ్లు తిట్టేవోరు.
"సివారు మడికి దాహముండదేటి?" అని
కాళ్లు కడుక్కుని పడుకునేవోడు.

నేనూ దించాను. గదికింతని, ఒక్క వరస టైపు చేసి.
నా ఫోనుకీ అదే కొలత, నత్తలా తిరుగుతోంది.
తలుపు మీద ఎవడో బొగ్గుతో రాశాడు:
పిసినారి.

తెల్లారి దాలినాయుడు కాగితం చూపించాడు.
ముక్కుంది, గెడ్డముంది,
కింద వంకర సంతకం కూడా.